పేరు చూచి పారద్రోలిన పాట

బ్లాక్ సబ్బాత్ అను పేరు వినగానే మనము చెవులు మూసికొందుము. హెవీ మెటల్ సంగీతమునకు పునాది వేసిన ఈ ఇంగ్లండు బృందము 1971లో ‘ఆఫ్టర్ ఫరెవర్’ పాడెను. కాథలిక్కు గృహమున పెరిగిన గీజర్ బట్లర్ దాని పదములు వ్రాసెను. అందులో పోపుగారిని గూర్చిన మోటు పరిహాసమొకటి పట్టుకొని కొందరు దైవదూషణమనిరి. అది నాకును రుచింపదు. కాని పాట అడుగునదేమి? స్నేహితులు నవ్వుదురని విశ్వాసమును దాచుకొందువా యని! ఏలూరు కాలేజీ పిల్లలలోను, కొల్లేటి లంకలలోను ఈ భయమును చూచితిని. 1994లో బయోహజార్డ్, 2015లో క్రైస్తవ బృందమైన స్ట్రైపర్ దీనిని మరల పాడిరి. విశ్వాసుల నోట అది సాక్ష్యమే. అయినను సందేహించువానిని గద్దించుటకు ఈ పాట తొందరపడును. వాని ప్రక్కను కూర్చుండదు. గిటారు మోత మాత్రము నాకింకను అలవాటు కాలేదు.