రెక్కకాయ చెప్పే వంశం

ఎర్రచందనం అనగానే మన కళ్లముందు మెదిలేది దుంగ. గిద్దలూరు వైపు నల్లమల రాతినేలల్లో ఎండకు ఓర్చి పెరిగే ఈ చెట్టుకు సంత ధర కట్టేది చేవను బట్టే. శాస్త్రీయ నామంలో రెండో మాట శాంటలైనస్ కూడా చందనాన్నే తలపిస్తుంది. మొదటి మాట దారి వేరు. టెరోకార్పస్ అంటే గ్రీకులో రెక్కకాయ. ఆ ప్రజాతికి 1763లో వృక్షశాస్త్రవేత్త జాక్విన్ ఈ పేరు స్థిరపరిస్తే, చిన్న లిన్నేయస్ 1782లో ఎర్రచందనాన్ని అందులో చేర్చాడు. ఎండబెట్టి దాచిన పువ్వును వేడినీటిలో మెత్తబరిచి, భూతద్దం కింద సూదితో ఒక్కో వలయాన్నీ విప్పుతూ రక్షకపత్రాలు, ఆకర్షకపత్రాలు, కేసరాలు, అండాశయం వరుసగా చూసి వంశం తేల్చే సంప్రదాయం ఈ పేర్ల వెనుక ఉంది. పాతదైనా దానికి కాలం చెల్లలేదు. ఈ చెట్టును పోల్చుకోవాలన్నా, నిలబెట్టుకోవాలన్నా మనం మళ్లీ ఆ పువ్వు దగ్గరికే రావాలి.

చందనం అనే మాట ఎలా దారి తప్పిస్తుందో చూడండి. మంచిగంధం పువ్వులో వేరుగా ఆకర్షకపత్రాలే ఉండవు. నాలుగు తమ్మెలు, వాటి ఎదుట నాలుగు కేసరాలు ఉంటాయి. కాయ కండగల పండు, లోపల ఒకే గింజ. ఎర్రచందనం పేరుతో కొన్నిచోట్ల చలామణీ అయ్యే బండి గురివిందకు సన్నని కంకుల్లో చిరుపూలు, విడివిడిగా పది కేసరాలు, మెలితిరిగి విచ్చే కాయలో ఎర్రని గింజలు. అసలు ఎర్రచందనానిది పసుపుపచ్చని పువ్వు, కట్టుబడి అచ్చంగా చిక్కుడుపువ్వుదే. పైన ధ్వజం, పక్కల రెండు బాహువులు, కింద ద్రోణి. పది కేసరాల కాడలు అడుగున కలిసిపోతాయి. అండాశయం ఎదిగి చదునైన గుండ్రని కాయ అవుతుంది, దాని అంచు చుట్టూ పలుచని రెక్క వస్తుంది. లోపల ఒకటి, అరుదుగా రెండు గింజలు. పండినా కాయ పగలదు. ఈ లెక్కన ఎర్రచందనం కందికీ కానుగకూ చుట్టం. మంచిగంధంతో దానికి పేరు పొత్తే తప్ప నెత్తురు పొత్తు లేదు.

అడవిలో తిరిగేవాళ్లకు ఇదంతా ఎందుకని అడగవచ్చు. చెంచులూ అటవీ సిబ్బందీ మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలిన బెరడును చూసి చెట్టు పేరు చెప్పేస్తారు. ఆ చూపు విలువైనది, దాన్ని తక్కువ చేయడం తగదు. కానీ బెరడు చెట్టును పోలుస్తుంది, బంధుత్వం చెప్పదు. ఎర్రచందనానికి లాగే పెద్దేగి అనే చెట్టు బెరడుకు గాటు పెట్టినా ఎర్రని రసమే కారుతుంది. ఎర్రచందనం ఆకుకు సాధారణంగా మూడు చిట్టాకులుంటే పెద్దేగికి అయిదు నుంచి ఏడు ఉంటాయి కాబట్టి రెండూ వేరని తెలుస్తుంది. వేరైనా ఒకే ఇంటివని తేల్చేది రెండింటికీ ఉన్న రెక్కకాయ. జె.ఎల్. ఎల్లిస్ 1987, 1990లలో రెండు సంపుటాలుగా వెలువరించిన నల్లమల వృక్షసంపద గ్రంథం వెనుక ఉన్నదీ పువ్వునూ కాయనూ విప్పి చూసే ఈ పద్ధతే. ఇక డీఎన్ఏ ఉండగా పువ్వెందుకన్న ప్రశ్న. డీఎన్ఏ పాత వర్గీకరణలను ఎన్నోచోట్ల సరిదిద్దింది, నిజమే. అయితే పోల్చడానికి మొదట ఒక నమూనా కావాలి. పువ్వూ కాయా చూసి ఇది ఫలానా చెట్టని ఎవరో ఒకరు నిర్ధారించిన తర్వాతే ఆ నమూనాలోని డీఎన్ఏకు ఒక పేరు వస్తుంది.

తోటలు వేస్తున్నాం కదా, అడవి పువ్వు గురించి ఇంత తపన ఎందుకన్నది అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. ఆ తోటలకు నారు వచ్చేదీ ఈ రెక్కకాయ నుంచే. కొమ్మ నాటితే వేరు పట్టడం కష్టం. గట్టి కాయలోంచి మొలక రావాలంటే నానబెట్టడం, ఆరబెట్టడం వంటి తంతు నడపాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పూర్ణచంద్రరావు, సాల్మన్ రాజు 2002లో కరెంట్ సైన్స్‌లో ప్రచురించిన అధ్యయనం తేనెటీగలే ఈ పువ్వుకు ప్రధాన పుప్పొడి వాహకాలని చూపింది. చెట్టు విరగబూసినా కాయగా నిలిచేవి కొద్దే. ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు చేరితేనే గింజల్లో వైవిధ్యం ఉంటుంది. దొంగ గొడ్డలి మొదట కోరేది చేవ బాగా పట్టిన పెద్ద చెట్టును, కాయలు విస్తారంగా కాసేదీ అదే. 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం ఈ కలపపై అదుపు పెట్టింది. అదుపు దుంగ ప్రయాణాన్ని ఆపగలదు గాని, కొట్టేసిన చెట్టు ఇయ్యవలసిన గింజను తెచ్చివ్వలేదు. అందుకే పట్టుబడిన దుంగల బరువుతో పాటు, ప్రతి ఏడాదీ కాయ పట్టిన తల్లిచెట్లు ఎన్ని మిగిలాయో కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క రాయడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో, గిద్దలూరులో ఒక బడిపిల్ల భూతద్దం పట్టుకుని రాలిన పువ్వును వలయం వలయంగా విప్పడం నేర్చుకుంటే ఆ పని మొదలైనట్టే.