రోజుకు జానెడు
మా అమ్మమ్మ ఇంట్లో ఏ వేసవిలో చూసినా నాలుగు బొంతలు నడుస్తుండేవి. ఒకటి సూది కింద, ఒకటి అంచు కోసం ఎదురుచూస్తూ, ఒకటి పొరలు పరిచి చుట్టచుట్టి, నాలుగోది ఇంకా పాతచీరల మూటలోనే.

"ఒకటి ముగించి ఇంకోటి పట్టొచ్చుగా?" అంటే నవ్వేది.

"ఒక్కో పనికి ఒక్కో పూట ఉంటదిరా!"

నిజమే. ఐదున్నర మీటర్ల చీరను మడతలేసి పరచాలంటే వాకిలంత జాగా, గాలి లేని పొద్దు కావాలి. ముడతలు అరచేత్తో సవరించి, పొరలు జరగకుండా ముందు పొడుగు కుట్లు వేయాలి. దానికి ఇద్దరుండాలి. అసలు కుట్టు మాత్రం ఒంటరి మధ్యాహ్నాలది. అంచున మొదలై, వరస పక్కన వరసగా నడిమికి చేరుతుంది. రోజుకు జానెడు సాగితే చాలు. చూపు ఆనని సాయంత్రం అరుగు మీద కబుర్లాడుతూ, చీరలో చివికిన చోటు వదిలి గట్టి భాగం చింపుకునేది. వేళ్లు నొప్పెడితే పని ఆగేది కాదు, మారేది.

బెంగాల్ కాంథాకైనా, కర్ణాటక కౌదికైనా, మన బొంతకైనా ప్రాణం ఒకటే: పైకీ కిందికీ పోయే సాదా కుట్టు. అందులో కష్టమైన విద్యేమీ లేదు. విసుగు లేకపోవడమే విద్య.

చలి మొదలయ్యేసరికి నాలుగూ మంచాలెక్కేవి. నా బొంత నడుమ పిన్ని ఓణీ, మూలన తాతయ్య పంచె.