నాలుగు టేబుళ్లు చాలు

ఒకేసారి ఎనిమిది టేబుళ్ల మీద పోకర్ ఆడతారని చెబితే మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట అష్టావధానం. మా బావమరిదైతే ఫోన్ చేసినప్పుడల్లా ‘ఏం బావా, గంట ఎవరు కొడుతున్నారు?’ అంటాడు. గంట నిజంగానే ఉంది, మన వంతు రాగానే కంప్యూటర్ టింగుమంటుంది. మిగతా పోలికంతా తలకిందులు. అవధాని ఎవరేమడిగారో చివరిదాకా మోసి, ధారణలో అన్నీ వరసగా అప్పజెప్పాలి. ఇక్కడ నేర్వాల్సింది మరిచిపోవడం. ఈ టేబుల్ మీద ఇరవై డాలర్లు పోయిన సంగతి, పక్క టేబుల్ మీద ముక్కలు చూసేసరికి బుర్రలో మిగలకూడదు.

ముందే చెప్పేస్తాను, నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడ ఆన్‌లైన్ పోకర్‌కి 2013 నవంబర్ నుంచి అనుమతి ఉంది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ పందెపు ఆన్‌లైన్ ఆటలు మూయించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. కాబట్టి దీన్ని చదివి ఊళ్లో ఎవరూ ఫోన్ తీయొద్దు.

ఇన్ని టేబుళ్లు ఎందుకంటే, పోకర్‌లో ఎక్కువసేపు చేసే పని ఏమీ చేయకపోవడమే. మన రమ్మీలో ముక్కలు బాగాలేవని మొదట్లోనే డ్రాప్ అయినా ఇరవై పాయింట్లు పడతాయి. అందుకే మనవాళ్లకి ముక్కలు కింద పడేయడమంటే ప్రాణం ఒప్పుకోదు. పోకర్‌లో ముక్కలు చూడకముందే కట్టే పందెం, అంటే బ్లైండ్, మన వంతు కాకపోతే ఫోల్డ్‌కి పైసా ఖర్చు లేదు. ఆరుగురు కూర్చునే టేబుల్ మీద ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడేవాడు నాలుగింట మూడుసార్లు మొదట్లోనే ముక్కలు వదిలేస్తాడు. అట్లాంటిక్ సిటీ కాసినోలో మనిషి పంచితే గంటకి పాతిక, ముప్పై హ్యాండ్లు పడతాయి. కంప్యూటర్ పంచితే డెబ్బై దాటుతాయి. అయినా తోచదు. తోచనివాడు రాజు, ఎనిమిది చూసి ‘పోనీ, ఫ్లాప్ చూద్దాం’ అని, బల్ల మీద ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల కోసం డబ్బు కడతాడు. రెండో టేబుల్ ఆ తోచనితనానికి మందు. నాలుగో టేబుల్ దాకా అది మందే. ఆ పైన సంగతి వేరు.

టేబుళ్లు పెంచేవాళ్లలో రెండు రకాలు. కొందరు తెరంతా గళ్లు గళ్లుగా పరుచుకుంటారు. కొందరు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటారు, ఏ టేబుల్ మీద మన వంతు వస్తే అది పైకొస్తుంది. పేర్చి ఆడితే ఇరవై టేబుళ్లయినా పడతాయి. కానీ మన వంతు కానప్పుడు అక్కడేం జరిగిందో కనిపించదు.

అదెంత నష్టమో ఒక్క హ్యాండ్‌లో చెబుతాను. నా చేతిలో పదుల జత. ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు పడ్డాయి. ఎదుటివాడు ఫ్లాప్ మీద కాశాడు, నాలుగో ముక్క టర్న్ మీద కాశాడు, చివరి ముక్క రివర్ మీద కూడా పెద్దమొత్తం తోశాడు. గడియారంలో పన్నెండు సెకన్లున్నాయి. ఒక్క టేబులే ఆడుతుంటే, ఇదే మనిషి అరగంట క్రితం ఒట్టి చేతులతో మూడుసార్లు కాసి దొరికిపోయాడని నాకు తెలిసుండేది. ఎనిమిది ఆడుతుంటే అతని పేరు పక్కన సాఫ్ట్‌వేర్ చూపించే రెండంకెలే దిక్కు: నూటికి ఎన్ని హ్యాండ్లలో దిగుతాడు, ఎన్నింట్లో రెయిజ్ చేస్తాడు. ఇరవై రెండు, పద్దెనిమిది. బుద్ధిమంతుడి అంకెలు. ఫోల్డ్. తప్పో ఒప్పో ఆలోచించే తీరిక లేదు, ఇంకో రెండు టేబుళ్లు టింగుమంటున్నాయి.

మరి ఎందుకు పెంచుతారు? లెక్క అలా ఉంది. బ్లైండ్లు పది, పాతిక సెంట్లనుకోండి. రెండు టేబుళ్లాడి నూరు హ్యాండ్లకి అయిదు బిగ్ బ్లైండ్లు (పాతిక సెంట్లవి) గెలిచేవాడు, ఎనిమిదికి పెరిగితే మూడే గెలుస్తాడనుకుందాం. అయినా గంటకి వచ్చేది రెండు డాలర్ల లోపు నుంచి నాలుగున్నరకి పెరుగుతుంది. (న్యూజెర్సీ కనీస వేతనం దానికి మూడు రెట్ల పైనే. ఈ మాట మా ఆవిడ నాకంటే ముందే లెక్కగట్టింది.)

నాకు అసలు ఆకర్షణ డబ్బు కాదు, ఇంకో లెక్క. పోకర్‌లో అదృష్టం అటూ ఇటూ ఊపే ఊపు ఎంతంటే, లక్ష హ్యాండ్లు ఆడాక కూడా నూటికి మూడు బ్లైండ్ల గెలుపు నిజమైనదో గాలివాటమో గట్టిగా చెప్పలేం. లెక్కలోనే సుమారు అంత తేడా ఉండిపోతుంది. కాసినోలో రోజూ రెండు గంటలు కూర్చుంటే లక్ష హ్యాండ్లకి నాలుగున్నరేళ్లు పైనే పడుతుంది. ఎనిమిది టేబుళ్ల మీద మూడు నెలలు చాలు. మనకి ఆట వచ్చా రాదా అన్న ప్రశ్నకి బతికుండగా జవాబు కావాలంటే టేబుళ్లు పెంచడమొక్కటే దారి. కానీ ఆ జవాబు ఎవరి గురించి? ఒక్క టేబుల్ మీద మనిషిని చూసి ఆడేవాడి గురించి కాదు, అంకెలు చూసి బటన్లు నొక్కేవాడి గురించి. నాకు ఇక్కడే పేచీ.

ఈ విద్యలో శిఖరం ర్యాండీ లూ. 2012లో బహామాస్‌లో ఎనిమిది గంటల్లో 23,493 హ్యాండ్లు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టాడు. అంటే 1.2 సెకన్లకొకటి. చివరికి లాభంలో ఉండాలన్నది షరతు. ఉన్నాడు, 7 డాలర్ల 65 సెంట్లతో. వీడియో గేముల పోటీల్లో ఆరితేరిన వేళ్లు అవి. ఆ రోజుల్లో పోకర్‌స్టార్స్‌లో ఇరవై నాలుగు టేబుళ్లు తెరుచుకుని, ఆటలో అంతంతమాత్రంగా ఉన్నా, సైట్ తిరిగిచ్చే బోనస్ మీద బతికేవాళ్లు చాలామందే. సైట్ 2016 నుంచి ఆ బోనస్‌కి కోత పెట్టింది. 2019లో క్యాష్ టేబుళ్ల మీదే పరిమితి పెట్టి నాలుగు చాలంది. పెద్ద గోలే అయింది. నేను మాత్రం ఆ అంకెతో ఏకీభవిస్తాను. సరదాకి ఆడొచ్చినవాడికి ఎదురుగా అయిదుగురూ ఇరవై టేబుళ్ల యంత్రాలైతే వాడు మళ్లీ ఎందుకొస్తాడు?

నాలుగు తెరిచినా లేవడం అంత తేలిక కాదు. బ్లైండ్ కట్టాక మిగతా వంతుల్లో ముక్కలు ఊరికే చూసే హక్కు ఉంటుంది కాబట్టి, ప్రతి టేబుల్ మీదా మళ్లీ బ్లైండ్ వచ్చేదాకా ఆడి లేవాలి. నాలుగింట నాలుగు వేళలు. ‘వస్తున్నా, అయిదు నిమిషాలు’ అంటే మా ఇంట్లో ఎన్ని టేబుళ్లు మిగిలాయని అడుగుతారు.