సర్పీడాను స్తంభము, కృష్ణగిరి వీరగల్లు

గ్రీకు పురాణములను మన పురాణములతో పోల్చువారు సాధారణముగా దేవతలతో ఆరంభింతురు. జ్యూసు ఇంద్రుడనియు, పొసైడను వరుణుడనియు చెప్పి తృప్తి చెందుదురు. ఈ పోలిక ఎంతో దూరము పోదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి ఇంతకన్న సమీపమైన సాక్ష్యము వీరగల్లు.

2004లో ధర్మపురినుండి వేరుపడి యేర్పడిన కృష్ణగిరి జిల్లాలో ఇట్టి శిలలు అనేకములు కలవు. పసుల మందలకై జరిగిన పోరులలో ప్రాణములు విడిచినవారికి నిలిపినవి వానిలో పెక్కు. కొన్నింట క్రింద పోరును, పైన వీరుని స్వర్గమునకు కొనిపోవు అప్సరసలును కానవత్తురు.

ఇలియడు పదునొకండవ సర్గమున వృద్ధ నెస్టరు తన యౌవనమునందలి గోగ్రహణమును సగర్వముగా చెప్పుకొనును. పదునారవ సర్గమున నిద్ర, మృత్యువు అను కవలలు సర్పీడాను దేహమును లిసియాకు చేర్తురు. అచ్చట బంధువులు సమాధి కట్టి స్తంభము నిలుపుదురు. ఈ పోలిక మాత్రము నిజమైనది.

అయినను భేదమును గమనింపవలెను. హోమరు వీరులలో పెక్కుమందికి మరణానంతరము మిగులునది పాతాళపు చీకటియే. ఒడిస్సీలో అకిలీసు ఛాయ, ప్రేతములను ఏలుటకన్న పేదవాని యొద్ద కూలి చేయుటయే మేలనును. మన శిల్పి తన వీరునకు స్వర్గమునే యిచ్చెను. సర్పీడాను జ్యూసు కుమారుడు, లిసియా ప్రభువు. మన శిలపైనున్నవాడు తరచుగా సామాన్య యోధుడు. అతనిని పాడిన మహాకావ్యము లేదు. అతని కీర్తికి ఆధారము ఆ రాయి యొక్కటియే. కావున గ్రీకు కథలు చదువు మన విద్యార్థి, ఊరి పొలిమేరలోని శిలను గూడ శ్రద్ధతో చదువవలెనని మనవి.