కన్యాశుల్కమున పెండ్లికి ముందటి చదువు

ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడిన 1936 వరకు గంజాం జిల్లా మదరాసు రాజధానిలోనిది. సరిహద్దు గీత పడిన తరువాత కూడ ఇచ్ఛాపురము పిల్లను బరంపురమునకును, బరంపురము పిల్లను ఇచ్ఛాపురమునకును ఇచ్చిపుచ్చుకొనుట ఆగలేదు. అందుచేత విజయనగర ప్రాంతపు అగ్రహారముల కథయైన కన్యాశుల్కము ఈ సీమ తెలుగువారికి పొరుగింటి కథ. ఆ నాటకమును సంఘసంస్కరణ దృష్టితో పరిశీలించిన వ్యాసములకు కొదువలేదు. పెండ్లి యన నేమో పెండ్లికి ముందు ఆడపిల్లకు ఎవరు చెప్పిరి, చెప్పిన దానిలో నిజమెంత అను ప్రశ్నతో దానిని చదువుట మాత్రము అరుదు.

చాలమందికి ఎవరును ఏమియు చెప్పలేదు. 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ ఆంగ్లమున వ్రాసిన పీఠికలో, విజయనగర మహారాజు సిద్ధము చేయించిన పట్టికల ప్రసక్తి గలదు. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహములు 1034. వానిలో 99 మంది కన్యలు అయిదేండ్లవారు. ఏడాది బిడ్డలును గలరు. చెప్పినను తెలియని వయస్సు అది.

ఇక వరునికైనను తెలిసినదేమి? లుబ్ధావధానులు తాళికట్టినది ఆడవేషము వేసిన మహేశమునకు. ప్రేక్షకులు ఈ ఘట్టమునకు కడుపుబ్బ నవ్వుదురు. కాని వధువు ఆడదో మగవాడో తెలిసికొనకయే పీటలమీద కూర్చుండుటకు వీలిచ్చిన పెండ్లి పద్ధతిపై ఇంతకన్న కఠినమైన విమర్శ తెలుగులో మరియొకటి కలదని తోపదు.

నాటకమున వివాహమును గూర్చి పాఠము చెప్పినవాడు గిరీశ మొక్కడే. వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున వితంతువివాహ ప్రసంగము సాగించును, వినవలసినది బుచ్చమ్మ. అతడు చెప్పునది అబద్ధమా యనిన, కాదు. వితంతువు మరల వివాహమాడుట న్యాయమే. 1881లోనే రాజమహేంద్రవరమున వీరేశలింగము ఆ న్యాయమును ఆచరణలో పెట్టి చూపెను. గిరీశము పాఠములో లోపము మరియొక చోట నున్నది. అందు వివాహమువలన లభించు సుఖమే కాని, వివాహమాడువాని సంపాదన యెంత, అప్పులెన్ని, పూర్వచరిత్ర యేమి అను విషయములు లేవు. తనకు అన్నముపెట్టిన పూటకూళ్లమ్మ కూడ వితంతువే. ఆమె సొమ్ము కాజేసి, ఆమె చీపురు తీసికొని వచ్చునప్పటికి మధురవాణి మంచము క్రింద దూరిన పెద్దమనిషికి వితంతూద్ధరణము పరయూరిలో మాత్రమే జ్ఞప్తికి వచ్చినది. ఉపాధ్యాయుడే వరుడగుటకు పొంచియున్నప్పుడు ఆ విద్య బేరగాని మాటలకన్న మెరుగుగా నుండదు.

బుచ్చమ్మను అమాయకురాలని చెప్పి ఊరకుండుట విమర్శకులకు వాడుకయైనది. ఈ తీర్పు సరికాదు. గిరీశము వర్ణించిన సుఖమున కామె మురిసి యుండవచ్చును. ఇల్లు విడుచుటకు ఆమెను కదల్చిన బలమైన మాట వేరొకటి. తాను వెళ్లిపోయినచో చెల్లెలు సుబ్బికి లుబ్ధావధానులతో పెండ్లి ఆగిపోవును. పదునెనిమిది వందల రూపాయలకు సుబ్బిని అమ్మనున్నది, తనను అమ్మిన తండ్రియే. ముసలివానికి కట్టబెట్టిన పిల్ల గతి యేమగునో బుచ్చమ్మ ఒకరు చెప్పగా తెలిసికొనవలసినది కాదు. వివాహమునుండి గొప్ప ఫలములు కోరువారు ఆ నాటకమున పెక్కుమంది గలరు. అనుభవముమీద నిలిచిన కోరిక ఆమెది.

పెండ్లి తరువాతి చదువును గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ కథలో చూపెను. గోపాలరావు విద్యావంతుడు, భోగముదాని పాట విని రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరినవాడు. కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరము చదివి అతడు కుంగిపోవును. తీరా చూడగా ఆమె మంచము క్రిందనే యున్నది. గురజాడ మంచము క్రింద దాగినవారిలో నవ్వుచు బయటపడినది ఈమె యొక్కతెయే. ఆమె వ్రాయగల చదువు, ఆతడు సిగ్గుపడగల మనస్సు, రెండును ఉన్నందువలన ఆ దిద్దుబాటు సాధ్యమైనది. గిరీశమునకు ఆ రెండవది లేదు.

గంజాం జిల్లా 2022 జనవరిలో ఒడిశాలో మొట్టమొదటి బాల్యవివాహ రహిత జిల్లాగా ప్రకటితమైనది. చిన్న విషయము కాదు. అయినను వయస్సు వచ్చినంతమాత్రమున ఎరుక రాదు. ఈ జిల్లా యువకులు వేలాదిగా సూరతు మరమగ్గముల పనికి పోవుచున్నారు. సెలవుపై వచ్చి సంబంధము కుదుర్చుకొని, ముహూర్తము వరకు ఫోనులో మాటలాడుకొను వారు గలరు. పంపిన ఛాయాచిత్రములో సూరతు వీధి కనబడును. ఒకే గదిలో వంతులవారీగా పలువురు నిద్రించు చోటు కనబడదు. ఆ యువకుడు గిరీశము వంటి మోసగాడు కాడు. అయినను పిల్లకు అందిన పాఠములో అదే భాగము లోపించినది.

నాటకాంతమున సౌజన్యారావు బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయమునకు పంపుటకు నిర్ణయించును. అక్కడ ఆమె చదువుకొనును. కథానాయిక వంటి పాత్రను దూరముగా నెట్టివేసిరని కొందరికి ఈ ముగింపు రుచింపదు. పెండ్లికి ముందు చదువు, చదువునకు తగిన గడువు, వరుని విడిచి స్వతంత్రముగా ఆలోచించుకొను చోటు: ఈ మూడింటిని ఒక స్త్రీకి ఒకేసారి ఇచ్చిన ముగింపు అది. ఆ నిర్ణయము మంచిదే. అయితే అది జరుగునప్పుడు ఆ గదిలో సౌజన్యారావు ఉన్నాడు, గిరీశము ఉన్నాడు, మధురవాణి ఉన్నది. బుచ్చమ్మ లేదు. ఆమెను పిలిచి అడుగవలెనని వకీలుకు సైతము తోచలేదు.