కావ్యములలో వెంటాడు గతము

రాముడు వనమునకేగిన ఆఱవనాటి అర్ధరాత్రమున, పుత్రశోకముచే శయ్య విడువలేని దశరథునకు ఒక పాతపాపము జ్ఞప్తికి వచ్చినది. తాను యువరాజై, ఇంకను వివాహమాడకయున్న దినములలో, వర్షాకాలపు చీకటిలో సరయూతీరమున పొంచియుండి, కడవ నిండు బుడబుడధ్వనిని ఏనుగు చప్పుడుగా భ్రమించి శబ్దవేధియగు బాణమును విడిచి, అంధులైన తల్లిదండ్రులకు ఏకైకాధారమైన మునికుమారుని కూల్చి, పుత్రశోకముతో చత్తువన్న శాపమునకు గుఱియైన వృత్తాంతమును ఆయన కౌసల్యకు చెప్పును. చెప్పి, ఆ రాత్రియే ప్రాణములు విడుచును.

ఇందలి శిల్పమంతయు ఈ కథను కవి నిలిపిన చోటున ఉన్నది. దశరథుడు సంతానమునకై పరితపించునప్పుడుగాని, పుత్రకామేష్టి చేయునప్పుడుగాని, విశ్వామిత్రుడు రాముని పంపుమన్నంతనే గడగడ వడకునప్పుడుగాని బాలకాండమున వాల్మీకి ఈ శాపమును గూర్చి ఒక్కమాటయైన అనలేదు. ఫలము అనుభవమునకు వచ్చిన వేళనే బీజమును చూపినాడు. చేసినవాడు మఱచియున్నను చేసిన పని వానిని మఱవలేదన్న భయము పాఠకునకు కలుగుట ఆ మౌనమువలననే. కాళిదాసు రఘువంశపు తొమ్మిదవ సర్గలో ఇదే కథను కాలక్రమము తప్పక చెప్పెను. అచట ఇంకను పుత్రముఖము నెఱుగని రాజునకు, పుత్రశోకముతో చత్తువన్న శాపము ఒకవిధముగ వరమువలెనే తోచును. ఆ భావన మనోహరమే; కాని వాల్మీకి కలిగించిన కంపము అందు లేదు. ఈ పట్టున నేను ఆదికవి పక్షమువాడను.

భారతమున కుంతి తన కన్నెఱికపు రహస్యమును పాండవులకు తెలియనీక కడుపున దాచుకొని, యుద్ధము ముగిసి గంగయొద్ద మృతులకు ఉదకములు విడుచువేళ, కర్ణునకును విడువుమని కొడుకులతో చెప్పుటయు ఈ మార్గములోనిదే.

అయితే గతస్మృతినే నాటకమునకు ప్రాణముగా చేసినవాడు ఎనిమిదవ శతాబ్దపు భవభూతి. ఉత్తరరామచరితము ప్రథమాంకమున లక్ష్మణుడు సీతారాములకు వారి చరిత్రమునే చిత్తరువులుగా చూపును. ఇదిగో మంథర యని అతడు అనగానే, రాముడు బదులాడక, తొందరగా శృంగిబేరపురపు ఇంగుదీవృక్షమువంక సీత చూపు మరల్చును. నడిమితల్లి వృత్తాంతమును అన్న దాటవేసెనని లక్ష్మణుడు తనలో గ్రహించును. అంతటి ఔదార్యమును, అంతటి మానని గాయమును ఒక్క చూపు మరల్చుటలో ఇమిడ్చిన కవులు ఎందఱున్నారు? శూర్పణఖ బొమ్మను చూచి సీత బెదరిపోవును. ఇది చిత్రమేకదా యని భర్త ఓదార్చును. ఆ బొమ్మలను చూచి, మరల ఆ వనములలో విహరింపవలెనని గర్భవతియైన ఆమె కోరిన కోరికయే ఆమెను అడవిలో విడిచివచ్చుటకు మిషయగును.

పండ్రెండేండ్ల పిమ్మట, మూడవ అంకమున, రాముడు పంచవటికి వచ్చును. సీత చిగుళ్లు తినిపించి పెంచిన ఏనుగుగున్న నేడు మదగజమై ప్రియురాలితో తిరుగుచున్నది; ఆమె గోదావరి యిసుకతిన్నెలపై హంసలను చూచుచు ఆలస్యము చేసిననాడు తాను ఎదురుచూచిన పొదరిల్లు అట్లే ఉన్నది. వనదేవతయైన వాసంతి ఒక్కొక్కటే చూపుచు, నిష్ఠురములాడుచు, ఆయనను నిలువనీయదు. భాగీరథి ప్రభావమున ఎవరికిని కానరాని సీత నదీదేవతయైన తమసతోకూడ అచటనే యుండి సమస్తమును వినును. ఇది భవభూతి సాధించిన అపూర్వమైన ఏర్పాటు: స్మరించువాడు ఒకడు, ఆ స్మరణమువలన ఊఱట పొందునది వేఱొకరు. అశ్వమేధమున తన ప్రక్కన సీతయొక్క బంగారు ప్రతిమయే సహధర్మచారిణియని రాముడు పలికినప్పుడుగాని, పరిత్యక్తనైతినన్న శల్యము ఆమె హృదయమునుండి తొలగదు. మూలకథకు భిన్నముగా కవి ఏడవ అంకమున దంపతులను కలిపినాడు. ఆ కలయికను మనము అంగీకరించుటకు కారణము, సీత పంచవటిలోనే భర్తను క్షమించియుండుట.