సూటిగా పోయిన న్యూట్రాన్

భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం పుచ్చుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. ఆ తర్వాత లివర్‌పూల్ వెళ్లి, 1932లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక విభాగానికి పునాది వేశారు. న్యూట్రాన్‌తో మాకింత దగ్గర చుట్టరికం ఉందంటే మా ఇంటర్ పిల్లలు నమ్మరు.

ఆ న్యూట్రాన్ కథే ఇంకొకటి చెప్తాను. జర్మనీలోని హాంబర్గ్‌లో హెరా అనే యంత్రం ఉండేది. 6.3 కిలోమీటర్ల సొరంగంలో 1992 నుంచి 2007 దాకా ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ ఎదురెదురుగా ఢీకొట్టించారు. కొన్నిసార్లు ప్రోటాన్ పోవాల్సిన దిక్కులోనే ఓ న్యూట్రాన్ దూసుకుపోయేది. దానికి విద్యుదావేశం లేదు కనుక అయస్కాంతాలకు లొంగదు. ప్రోటాన్లు వంపు తిరిగిన చోట అది తిన్నగా పోయి, 106 మీటర్ల అవతల కాచుకున్న, శక్తిని కొలిచే కెలోరీమీటర్‌లో పడేది.

ఎక్కడిదా న్యూట్రాన్? ప్రోటాన్ పగిలి, ఆ ముక్కలు మళ్లీ అతుక్కుంటే పుట్టిందన్నది ఒక నమూనా. ప్రోటాన్ క్షణకాలం న్యూట్రాన్‌గా, పయాన్ అనే తేలికపాటి కణంగా విడివడి ఉంటుందనీ, ఎలక్ట్రాన్ దెబ్బ ఆ పయాన్‌కే తగులుతుందనీ రెండోది. రాయి మామిడికాయకి తగిలితే చెట్టు నిక్షేపంగా నిలబడ్డట్టు, న్యూట్రాన్ చెక్కుచెదరకుండా ప్రోటాన్ శక్తిలో పెద్ద వాటా పట్టుకుపోతుంది. సలివన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1972లోనే ఈ దారి చూపించాడు.

రెండింటినీ కంప్యూటర్ ప్రోగ్రాములుగా రాసి, లక్షల ఢీలను పాచికలేసినట్టు నడిపించి కొలతలతో పోల్చారు. శక్తి ఎక్కువున్న న్యూట్రాన్ల దగ్గర మొదటిది చాల్లేదు, తక్కువున్న చోట రెండోది చాల్లేదు. హెరాలో పనిచేసిన హెచ్1 అనే పరిశోధక బృందం పయాన్ లెక్కను 0.65తో, ముక్కల లెక్కను 1.2తో గుణించి కలిపితే గీత కుదిరింది. (ఈ రెండు గుణకాలూ కలిస్తే ఒకటి కావాలన్న నియమం లేదు లెండి.)

ఈ పనిలో నాకు నచ్చేది ఆ నిజాయితీ. మా నమూనా ఇక్కడ తప్పుతోందని అంకె వేసి మరీ చెప్పారు. అలాగని ఆ గుణకాలు వివరణ అయిపోవు. చిల్లర తేడాను సర్దుబాటు పద్దులో రాసినంత మాత్రాన డబ్బు ఎటు పోయిందో తెలియదుగా! పుట్టిన న్యూట్రాన్ మళ్లీ దెబ్బ తిని దారి తప్పడం ఒక కారణం. అదొక్కటే అని మాత్రం నేననుకోను.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో రాబోయే కొత్త యంత్రంలోనూ ఇలాంటి న్యూట్రాన్లను పట్టే ఏర్పాటు ఉంది. ఢీలను లెక్కగట్టే పైథియా ప్రోగ్రాం ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. భీమవరం, రాజమండ్రి ఎమ్మెస్సీ పిల్లలూ, ఈ సెలవుల్లో దాన్ని దించుకుని నడిపి చూడండి.